అది వరిబీజం కాకపోతే?

వృషణాల క్యాన్సర్ అరుదైనది, దాదాపు పూర్తిగా నయమయ్యేది. జంషెడ్‌పూర్ లాంటి కార్మిక నగరాల్లో కుర్రాళ్లకు అసలు ముప్పు రోగం కన్నా ఆలస్యం వల్లే ఎక్కువ

ఉక్కు నగరంలో క్యాన్సర్ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది నోరు. షిఫ్టు మారే వేళ అరచేతిలో ఖైనీ నలిపే దృశ్యం జంషెడ్‌పూర్‌లో ఏ గేటు దగ్గరైనా కనిపిస్తుంది. గోడల మీద హెచ్చరికలు, పాఠశాలల్లో ప్రతిజ్ఞలు అన్నీ పొగాకు చుట్టూనే. అందులో తప్పేమీ లేదు. నోటి క్యాన్సర్ తాకిడి అలాంటిది మరి. కానీ 15 నుంచి 35 ఏళ్ల మధ్య కుర్రాళ్లను వెతుక్కుంటూ వచ్చే మరో క్యాన్సర్ ఉంది. దానికి ఖైనీతో పని లేదు, వయసు మళ్లడంతో పని లేదు. దాని పేరు పైకి అనడానికే మగవాళ్లు మొహమాటపడతారు.

వృషణాల క్యాన్సర్ భారత్‌లో అరుదు. ఏడాదికి లక్ష మంది పురుషుల్లో ఒక్కరికి కూడా రాదు. నార్వే, డెన్మార్క్ లాంటి దేశాల్లో ఆ సంఖ్య పది దాకా ఉంటుంది. అక్కడ ఎక్కువ, ఇక్కడ తక్కువ ఎందుకన్నది శాస్త్రవేత్తలకూ పూర్తిగా అంతుబట్టలేదు. అయితే అరుదైన రోగానికి ఓ చిక్కుంది. జనానికి దాని సంగతి తెలియదు. చిన్న క్లినిక్ నడిపే డాక్టరు ఏళ్ల తరబడి ఒక్క కేసూ చూడకపోవచ్చు. అందుకే అది ఎదురైనప్పుడు తోచేది దాని పేరు కాదు, మరో పేరు.

ఆ మరో పేరు వరిబీజం. జార్ఖండ్‌లో చాలా జిల్లాలు ఫైలేరియా ప్రాంతాలే. దోమకాటుతో ఒంట్లో చేరిన పురుగు శోషరస నాళాలను దెబ్బతీస్తే కొందరికి బోదకాలు వస్తుంది, కొందరికి వృషణం చుట్టూ నీరు చేరుతుంది. ఉక్కు కర్మాగారం మొదలైన కాలం నుంచీ బతుకుతెరువు కోసం ఇక్కడికి చేరిన తెలుగువారిలో ఎక్కువ మంది శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వాళ్లు. ఆ తీరానికీ బోదకాలు, వరిబీజం కొత్తవి కావు. అంటే కదమా, సోనారీల్లోని తెలుగు ఇళ్లలో తాతకో, పెదనాన్నకో 'అది' ఉన్న జ్ఞాపకం దాదాపు ఖాయం. పాతికేళ్ల కుర్రాడికి అక్కడ వాపు వస్తే ఇంట్లో భయపడరు. పోనీలే, తర్వాత ఆపరేషన్ చేయించుకోవచ్చనుకుంటారు. అదీ అతను ఇంట్లో చెబితే.

నిజానికి రెంటికీ తేడా పట్టడం పెద్ద విద్యేమీ కాదు. చీకటి గదిలో వాపు వెనక టార్చిలైటు పెడితే నీరున్న వరిబీజం ఎర్రగా వెలుగుతుంది. గడ్డ అయితే వెలుగు దాటదు. అయితే ఇందులోనూ ఓ మెలిక ఉంది. కొందరిలో గడ్డ చుట్టూ కూడా నీరు చేరుతుంది, అప్పుడు టార్చి అబద్ధం చెబుతుంది. కాబట్టి కుర్రాళ్లలో కొత్తగా వచ్చిన వాపు ఏదైనా సరే అల్ట్రాసౌండ్ చేయించడమే మేలు. సూది అక్కర్లేదు, నొప్పి ఉండదు, పావుగంట పని. ఏ మోస్తరు పట్టణంలోనైనా దొరుకుతుంది.

దారి తప్పించే రెండో అనుమానం ఇన్‌ఫెక్షన్. నొప్పి, జ్వరం ఉంటే యాంటీబయాటిక్స్ ఇవ్వడం సబబే. కానీ కోర్సు అయిపోయాక కూడా గట్టిదనం తగ్గకపోతే మందు మార్చి మరో కోర్సు రాయడం సరికాదు. ఈ గడ్డల్లో కొన్ని రకాలు వారాల వ్యవధిలోనే రెట్టింపవుతాయి. క్యాన్సర్ గడ్డ సాధారణంగా నొప్పి పెట్టదు. అన్నిటికన్నా పెద్ద మోసం అదే. నొప్పి లేనిదాన్ని పట్టించుకుని, ఒక రోజు కూలి వదులుకుని ఆస్పత్రికి వెళ్లే కాంట్రాక్టు కార్మికుడు ఆదిత్యపూర్‌లో ఎంతమంది దొరుకుతారు? హాస్టల్లో ఉండే ఇంజనీరింగ్ విద్యార్థి పరిస్థితీ అంత గొప్పగా ఏమీ ఉండదు. చదువు సిగ్గును పోగొట్టదు.

కడుపులో మొదలయ్యే కథ

ఈ వ్యాధి తీరు తెలియాలంటే తల్లి గర్భం దాకా వెళ్లాలి. పిండంలో వృషణాలు తయారయ్యేది కింద కాదు, పొట్టలో మూత్రపిండాల దగ్గర. పుట్టే నాటికి అవి మెల్లగా కిందికి జారతాయి. నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో సుమారు నూటికి ముగ్గురికి ఒకటైనా జారకుండా మిగిలిపోతుంది. నెలలు నిండకుండా పుట్టిన వారిలో ఇది ఇంకా ఎక్కువ. చాలామందిలో ఆరు నెలల్లోపు దానంతటదే దిగుతుంది. దిగకపోతే ఏడాదిన్నర లోపు చిన్న ఆపరేషన్‌తో దించాలి. అలా దిగని బీజమే ఈ క్యాన్సర్‌కు అన్నిటికన్నా బాగా తెలిసిన కారణం. మిగతా వారితో పోలిస్తే ముప్పు కొన్ని రెట్లు ఎక్కువ. యుక్తవయసు రాకముందే ఆపరేషన్ చేస్తే ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు. అన్నకో తమ్ముడికో ఈ జబ్బు వచ్చి ఉండటం, ఒకవైపు ఇప్పటికే వచ్చి ఉండటం మిగతా కారణాల్లో ముఖ్యమైనవి. క్రికెట్ బంతి తగలడం, మోటార్‌సైకిల్ నడపడం కారణాలు కావు. దెబ్బ తగిలినప్పుడు చెయ్యిపెట్టి చూసుకోవడంతో అప్పటికే ఉన్న గడ్డ బయటపడుతుంది, అంతే.

మన దగ్గర పసివాడికి స్నానం చేయించే అమ్మమ్మకో నాయనమ్మకో ఆ లోటు తెలియకపోదు. పెద్దయితే అదే సర్దుకుంటుందిలే అన్న మాటతో ఏళ్లు గడిచిపోతాయి. చాలామంది యువకులకు అక్కడ డాక్టరు చెయ్యి పడేది జీవితంలో మొదటిసారి సైన్యం రిక్రూట్‌మెంట్ వైద్య పరీక్షలో. జార్ఖండ్ నుంచి ఏటా ఎందరో ఆ వరుసల్లో నిలబడతారు. దిగని బీజం ఉందంటూ వెనక్కి పంపితే ఉద్యోగం పోయిందని ఏడుస్తారు తప్ప, అది సర్జన్‌ను కలవాల్సిన సంగతి అని చెప్పేవారు తక్కువ.

పుట్టుక పొట్టలో కాబట్టే వృషణాల శోషరసం ప్రవహించేది కూడా పైకి, వెన్ను ముందున్న గ్రంథుల్లోకి. అందుకే జబ్బు పాకినప్పుడు మొదట తెలిసేది నడుంనొప్పిగా కావచ్చు. బరువులెత్తే ఊళ్లో నడుంనొప్పిని ఎవరు అనుమానిస్తారు? ఆయాసం, దగ్గు, కొందరిలో రొమ్ములు ఉబ్బడం కూడా గుర్తులే. ఆపరేషన్ కోత తిత్తి మీద కాకుండా గజ్జల్లో పెట్టడానికి కారణమూ ఈ నిర్మాణమే. తిత్తిని కోస్తే క్యాన్సర్ కణాలకు గజ్జల గ్రంథుల వైపు కొత్త దారి తెరిచినట్టవుతుంది. వరిబీజమని పొరపాటుపడి నీరు తీయడానికి సూది గుచ్చడం, తిత్తి తెరవడం ప్రమాదకరం అయ్యేది ఇక్కడే.

ప్లాటినం మలుపు

1970ల మొదట్లో ఈ జబ్బు ఒళ్లంతా పాకితే బతికేది పది మందిలో ఒకరో ఇద్దరో. మలుపు తిప్పింది ఓ లోహం. 1960ల మధ్యలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బ్యాక్టీరియాపై విద్యుత్ ప్రభావం చూద్దామని ప్లాటినం ఎలక్ట్రోడ్లు పెట్టారు. బ్యాక్టీరియా విభజన ఆగిపోయింది. కారణం కరెంటు కాదు, ఎలక్ట్రోడ్ల నుంచి కరిగిన ప్లాటినం. అలా దొరికిన సిస్‌ప్లాటిన్‌ను 1974లో ఇండియానా యూనివర్సిటీలో లారెన్స్ ఐన్‌హార్న్ మరో రెండు మందులతో కలిపి వృషణాల క్యాన్సర్ రోగులకు ఇచ్చారు. ఊపిరితిత్తుల నిండా ఉన్న గడ్డలు కరిగిపోయాయి. 1978లో అమెరికా ఆ మందుకు అనుమతినిచ్చింది. ఇప్పుడు ఈ క్యాన్సర్ బారిన పడిన వారిలో మొత్తం మీద సుమారు 95 శాతం మంది కోలుకుంటున్నారు. తొలి దశలో పట్టుబడితే దాదాపు అందరూ.

అమెరికన్ సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1996లో 25వ ఏట జబ్బు బయటపడే నాటికి ఊపిరితిత్తులు, మెదడు దాకా పాకింది. అయినా బతికారు. డోపింగ్ కారణంగా ఆయన టూర్ ద ఫ్రాన్స్ టైటిళ్లన్నీ 2012లో రద్దయ్యాయి, కోలుకున్న మాట మాత్రం నిజం. మనవాళ్లకు దగ్గరి ఉదాహరణ యువరాజ్ సింగ్. 2011 ప్రపంచకప్‌లో మ్యాన్ ఆఫ్ ద టోర్నమెంట్‌గా నిలిచిన యువరాజ్‌కు గడ్డ వచ్చింది వృషణంలో కాదు, రెండు ఊపిరితిత్తుల మధ్య. కానీ అదే జాతి కణాల నుంచి పుట్టిన సెమినోమా అది. పిండ దశలో దారి తప్పి ఛాతీలో ఉండిపోయిన బీజ కణాలే దానికి మూలం. 2012లో ఇండియానాపొలిస్‌లో అదే ఐన్‌హార్న్ పర్యవేక్షణలో కీమోథెరపీ జరిగింది. ఆ ఏడాది సెప్టెంబరులో తిరిగి టీమిండియాలోకి వచ్చారు. విశాఖలో ఆడాల్సిన మొదటి టీ20 వర్షార్పణమైంది, చెన్నైలో బ్యాట్ పట్టారు.

అయితే ఇండియానాపొలిస్ వెళ్లాల్సిన పనేమీ లేదు. సిస్‌ప్లాటిన్, ఎటోపొసైడ్, బ్లియోమైసిన్ మూడూ దేశంలో తయారవుతున్న పాత మందులే. జంషెడ్‌పూర్‌కు 1975 నుంచే మెహర్‌బాయి టాటా మెమోరియల్ ఆస్పత్రి ఉంది. 1931లో ల్యుకేమియాతో చనిపోయిన దొరాబ్జీ టాటా భార్య పేరిట కట్టింది. వెల్లూరు రైలెక్కే అలవాటు జార్ఖండ్‌లో ఇంకా పోలేదు గానీ, తొలి పరీక్షల కోసం ఊరు దాటనక్కర్లేదు. పేద కుటుంబాలకు ఏడాదికి రూ.5 లక్షల దాకా చికిత్స అందించే ఆయుష్మాన్ భారత్ 2018 సెప్టెంబరులో మొదలైంది కూడా రాంచీలోనే.

గండం చికిత్స మధ్యలో ఉంది. కీమోథెరపీ మూడు వారాలకు ఒక విడత చొప్పున మూడు, నాలుగు విడతలు సాగుతుంది. వాంతులు, జుట్టు రాలడం, నీరసం తప్పవు. ఒక విడతకే గడ్డ కరిగిపోయినట్టు అనిపిస్తే, బాగైపోయిందని ఊరికి వెళ్లిపోయేవారుంటారు. మిగిలిపోయిన కణాలు తిరగబెడితే రెండోసారి లొంగదీయడం చాలా కష్టం.

కుర్రాళ్లను నోరు విప్పనివ్వని ప్రశ్న మరొకటి. పెళ్లి సంగతేంటి? జబ్బున్న వృషణాన్ని తీసేసినా రెండోది ఆరోగ్యంగా ఉంటే సంసారానికి, సంతానానికి సాధారణంగా అదొక్కటే చాలు. కీమో వల్ల వీర్యకణాలు తగ్గే అవకాశం ఉంది కాబట్టి చికిత్సకు ముందే వీర్యం భద్రపరచుకోవాలి. ఈ మాట రోగి అడగడు. అడగకపోయినా చెప్పాల్సింది డాక్టరే.

అలాగని మగవాళ్లందరూ నెలనెలా తడుముకుని చూసుకోవాలా? అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2011లో అక్కర్లేదనే చెప్పింది. అరుదైన జబ్బు, పాకిన తర్వాత కూడా నయమవుతుంది, లేనిపోని భయాలు పెరుగుతాయన్నది వారి వాదన. అక్కడికి అది సబబే. కానీ ఆ లెక్క పాకిన జబ్బుకూ చికిత్స పూర్తిగా అందే దేశానిది. ఇక్కడ పరిస్థితి వేరు. అందరికీ స్క్రీనింగ్ అక్కర్లేదన్న మాట నిజమే అయినా, గట్టిగా తగిలిన గడ్డను ఆరు నెలలు దాచుకోవడం వేరే సంగతి.

ఫైలేరియా నిర్మూలన కార్యక్రమం కింద ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ మాత్రలు పంచుతున్నారు, హైడ్రోసిల్ ఆపరేషన్లూ జరుగుతున్నాయి. కత్తి పట్టుకునే ముందు నలభై లోపు వారందరికీ ఓ స్కానింగ్ తీయడం ఆ ఏర్పాట్లలోనే ఇమిడిపోతుంది. గర్భిణులకు వాడే యంత్రమే దీనికీ పనికొస్తుంది, ప్రోబ్ మార్చుకోవాలి, అంతే.