అన్నయ్య కారు – చక్రాల లెక్క

బ్యాంకులో అప్పులిచ్చి వసూలు చేసుకునే మనిషికి అమెరికా పాత కార్ల చక్రాలతో ఏం పని అని మీరు అడగవచ్చు. బరంపురంలో నన్నెరిగిన వారైతే తప్పక అడుగుతారు. స్కూటరు పంక్చరైతే తోసుకుంటూ షాపు దాకా పోవటమే నాకు తెలిసిన మెకానిజం. బి.కాం. చదివిన వాణ్ణి, ఏ బండికీ మూత ఎత్తి చూసిన పాపాన పోలేదు. అలాంటిది 2024 ఆగస్టులో మిషిగన్‌లో మా పెద్దన్నయ్య ఇంట్లో ఉన్న మూడు వారాల్లో సగం రోజులు ఒక కారు పక్కన నేల మీద చతికిలబడే గడిపాను. ఎందుకో చెబుతాను.

అన్నయ్య 1979లో ఎం.ఎస్. చదవటానికి డెట్రాయిట్ దగ్గరికి వెళ్ళాడు. అప్పటికి నాకు పదకొండేళ్ళు. ఆ ఊరు కార్ల ఊరు. అక్కడ 1960లలో 'మజిల్ కార్లు' అని ఒక మోజు నడిచింది. మధ్యరకం కారులో పెద్ద కారు ఇంజను బిగించి కుర్రకారుకు అమ్మటమే అందులోని కిటుకు. 1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ.తో ఆ మోజు ఊపందుకుందని చెబుతారు. తరవాత ఇన్సూరెన్సు ప్రీమియములు పెరిగాయి, పొగ మీద నిబంధనలు వచ్చాయి, 1973లో చమురు కరువొచ్చింది. మోజు చల్లారింది. అన్నయ్య వెళ్ళేనాటికి అవి చదువుకునే కుర్రాళ్ళు సైతం కొనగలిగే సెకండ్ హ్యాండ్ బళ్ళు.

1981లో 1969 మోడల్ షెవ్రొలే షెవెల్ ఎస్.ఎస్. 396 ఒకటి అమ్మకానికొచ్చింది. మనం ఒకప్పుడు నడిపిన మారుతి 800 ఇంజనుకు ఎనిమిది రెట్లు దాని ఇంజను! అన్నయ్య ఏడాది పాటు హోటల్లో గిన్నెలు కడిగి డబ్బు కూడబెట్టాడు. బయానా ఇద్దామనుకున్న వారంలోనే నాన్నగారి ఉత్తరం అందింది, అక్కయ్యకు సంబంధం కుదిరిందని. ఆ డబ్బు బరంపురం వచ్చేసింది. ఆ తరవాత మా ఇంటి పైకప్పు, ఆ తరవాత నా కాలేజీ ఫీజులు. అన్నయ్య కారు మాట ఏనాడూ ఎత్తలేదు. ఈ సంగతి మొన్నటి ప్రయాణంలో వదిన చెబితేనే నాకు తెలిసింది.

ఇప్పుడు అన్నయ్యకు అరవైతొమ్మిదేళ్ళు. రిటైరయ్యాక అదే మోడల్ కారు, అదే 1969ది, వెతికి కొనుక్కున్నాడు. ఆగస్టు మూడో శనివారం అక్కడ వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995 నుంచి నడుస్తున్న తిరునాళ్ళది. అందులో మనవలిద్దర్నీ ఎక్కించుకుని తిరగాలని ఆయన కోరిక.

కారుతో వచ్చిన టైర్లు చూడటానికి బాగానే ఉన్నాయి, గాడులు లోతుగా ఉన్నాయి. కాని టైరు పక్కగోడ మీద డి.ఓ.టి. అక్షరాల వరస చివర 2308 అని ఉంది. అంటే 2008వ సంవత్సరంలో 23వ వారం తయారైన సరుకు. 2000 నుంచి అన్ని టైర్ల మీదా ఇలా నాలుగంకెలుంటాయి. అరగకపోయినా రబ్బరు ముదురుతుంది, పగుళ్ళు బారుతుంది. పదేళ్ళు దాటిన టైరును ఎంత కొత్తగా కనబడినా నమ్మరాదని టైర్ల కంపెనీలే అంటాయి. నెలకు నాలుగు మైళ్ళు తిరిగే పాత కార్లకు అరుగుదల కంటే వయసే పెద్ద శత్రువు.

ఆ టైర్లు మార్చటానికి అన్నయ్య ఒక షాపుకు వెళితే వాళ్ళు టైర్లతో పాటు ఎనిమిదంగుళాల వెడల్పున్న పదిహేనంగుళాల రిమ్ములు కూడా అంటగట్టారు. 'బండికి రోషం వస్తుంది' అన్నారట. నిజమే, చూడటానికి పోతరాజులా ఉంది. నేను దిగిన మర్నాడే నన్నెక్కించుకుని బయల్దేరాడు. సందు మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పగానే ముందు చక్రం దగ్గర కత్తికి సాన పట్టినట్టు చప్పుడు. దిగి చూస్తే మడ్‌గార్డు అంచు టైరు భుజాన్ని కోసేసింది. అరవై మైళ్ళ వేగంలో, వెనక సీట్లో పిల్లలుండగా ఆ టైరు పగిలి ఉంటే ఏమయ్యేదో మేమిద్దరం పైకి అనుకోలేదు. అన్నయ్య మాత్రం ఆ పూట అన్నం సరిగా తినలేదు.

మర్నాడు నేను కాగితం, పెన్సిలు పుచ్చుకుని కూర్చున్నాను. కార్లు తెలియకపోయినా లెక్కలు తెలుసు గదా!

ఈ కారు ఫ్యాక్టరీ నుంచి ఏడంగుళాల వెడల్పున్న 14 అంగుళాల రిమ్ములతో, ఎఫ్70-14 టైర్లతో వచ్చింది. ఎఫ్ అనేది టైరు మోయగల బరువుకు గుర్తు. 70 అంటే టైరు పక్కగోడ ఎత్తు దాని వెడల్పులో 70 శాతం. 14 రిమ్ము అడ్డుకొలత. నేటి లెక్కలో దానికి దగ్గరగా 225/70 ఆర్14 వాడతారు. 225 మిల్లీమీటర్లలో 70 శాతం 157.5. పైనా కిందా కలిపి 315. దానికి 14 అంగుళాలు, అంటే 355.6 కలిపితే టైరు మొత్తం ఎత్తు 670.6 మిల్లీమీటర్లు.

షాపువాడు వేసినవి 255/60 ఆర్15. అదే పద్ధతిలో చూస్తే 687 మిల్లీమీటర్లు. ఎత్తులో తేడా పదహారే. మరి తగిలిందెందుకు? ఇక్కడే నాకు అసలు పాఠం తెలిసింది. చక్రం ఎంత ఉందన్నది సగం లెక్క, ఎక్కడ కూర్చుందన్నది మిగతా సగం.

హబ్బుకు ఆనుకునే ముఖం నుంచి రిమ్ము లోపలి అంచు దాకా ఉన్న దూరాన్ని బ్యాక్ స్పేసింగ్ అంటారు. ఏడంగుళాల రిమ్ము అంచులతో కలిపి ఎనిమిదంగుళాలుంటుంది. మా పాత రిమ్ముకు బ్యాక్ స్పేసింగ్ నాలుగు, కనుక బయటికి నాలుగు. షాపువాడి ఎనిమిదంగుళాల రిమ్ము అంచులతో తొమ్మిది. బ్యాక్ స్పేసింగ్ అదే నాలుగు. పెరిగిన అంగుళమంతా బయటికే, మడ్‌గార్డు మీదికే వచ్చిపడింది. పోనీ లోపలికి జరుపుదామంటే అక్కడ స్ప్రింగులు, స్టీరింగు కడ్డీలు ఉన్నాయి. జమాఖర్చుల్లాగే ఒక పక్క తీస్తే రెండో పక్క పడుతుంది.

బండి చదునైన నేల మీద తన బరువుతో నిలబడి ఉన్నప్పుడు టైరుకూ మడ్‌గార్డుకూ, టైరుకూ లోపలి కడ్డీలకూ మధ్య జాగా కొలిచాం. స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి మళ్ళీ కొలిచాం. నాలుగు చక్రాలకూ విడివిడిగా కొలిచాం. యాభై ఏళ్ళు దాటిన బండి, ఎడమ కుడి ఒకటిగా ఉండాలని లేదు. మా బండికి లేదు కూడా.

చివరికి తేలినవి ఏడంగుళాల వెడల్పు, పదిహేనంగుళాల రిమ్ము, నాలుగుంబావు బ్యాక్ స్పేసింగ్, 235/60 ఆర్15 టైరు. ఎత్తు 663 మిల్లీమీటర్లు. పాతదానికీ దీనికీ తేడా నూటికి ఒకటి, కాబట్టి స్పీడోమీటరు పెద్దగా అబద్ధమాడదు. పదునాలుగు అంగుళాల టైర్లు ఇప్పుడు తక్కువ రకాలే దొరుకుతున్నాయి గనుక పదిహేను ఎంచుకున్నాం.

ఇంకో జాగ్రత్త. షెవెల్ చక్రానికి అయిదు బోల్టులు, అవి 4¾ అంగుళాల వలయంలో ఉంటాయి. ఫోర్డు ముస్టాంగ్ వి-8కు కూడా అయిదే, కాని వలయం 4½. పావు అంగుళమే గదా అని ఒకదాని రిమ్ము మరోదానికి బలవంతంగా బిగించకూడదు. పక్కింటాయన డాడ్జి కారుకైతే ఎడమవైపు నట్లు తిరగేసి తిప్పితేనే ఊడతాయి! 1970 ప్రాంతం దాకా క్రైస్లర్ వారి పద్ధతది. తెలియక బలం ఉపయోగిస్తే బోల్టు విరుగుతుంది.

కొత్త చక్రాలు బిగించాక వదిన ముగ్గుల సుద్ద తెచ్చి టైర్ల భుజాలకు పూశాం. వెనక సీట్లో మేం ముగ్గురం కూర్చుని, అన్నయ్య కుమారుడు గతుకుల రోడ్డు మీద అటూ ఇటూ తిప్పాడు. దిగి చూస్తే సుద్ద ఎక్కడా చెరగలేదు. యాభై మైళ్ళు తిరిగాక నట్లు మరోసారి టార్క్ రెంచితో బిగించాం.

ఆగస్టు 17న వుడ్‌వర్డ్ మీద మనవలిద్దరూ వెనక, నేను ముందు సీట్లో. పావు మైలు పొడవునా పాత కార్లు నత్తల్లా సాగుతున్నాయి. అన్నయ్య అరగంట దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఒక సిగ్నలు దగ్గర ఆగినప్పుడు, 'అక్క పెళ్ళికి బరంపురంలో ఎన్ని కార్లు పెట్టాం రా?' అన్నాడు. 'రెండు. రెండూ అంబాసిడర్లే' అన్నాను. 'నేను చూళ్ళేదు కదా' అన్నాడు. అంతే. సిగ్నలు పచ్చబడింది.

ఆయన అప్పట్లో పంపిన డబ్బుకు ఈనాటి విలువ ఎంతో లెక్క కట్టబోయి మానేశాను. మీ ఇంట్లో కూడా నాన్నగారి ఫియట్టో, తాతగారి అంబాసిడరో ఉంటే, అందమని వెడల్పు చక్రాలు తగిలించే ముందు టేపు పుచ్చుకుని ఒక్కసారి లోపలా బయటా కొలవండి. టైరు మీది చివరి నాలుగంకెలూ చదవండి. ఆ తరవాతే జేబులో చెయ్యి పెట్టండి.