మరమ్మతు తరువాత పట్టని లాకప్

తెలుగు బోధించు మేము గేర్‌బాక్సును గురించి వ్రాయుట విద్యార్థులకు వింతగా తోచవచ్చును. మా మిత్రుని కారొకటి మమ్ము ఈ విషయమునకు ఈడ్చినది. ఆటోమేటిక్ గేర్‌బాక్సు మరమ్మతై వచ్చిన వారమునకే ఆ బండి హైవేపై పెట్రోలు అధికముగా త్రాగసాగెను. లోని నూనెయు మితిమీరి కాగుచుండెను. టార్క్ కన్వర్టరు చెడినదనియు, గేర్‌బాక్సును మరల దింపవలెననియు వర్క్‌షాపువారు చెప్పిరి. దింపుట యనగా మిత్రునకు మరల అంత ఖర్చు.

రెండు టేబుల్ ఫ్యానులను ఎదురెదురుగా నుంచి ఒకదానిని తిప్పినచో రెండవదియు తిరుగును. టార్క్ కన్వర్టరులో గాలికి బదులు నూనె యుండును. ఇంజను పంపును త్రిప్పగా, ఆ నూనె టర్బైనును త్రిప్పును. నడుమ నున్న స్టేటరు నూనె దారిని మరల్చి, బండి కదలునపుడు బలమును హెచ్చించును. జర్మన్ ఇంజనీరు ఫోటింగర్ 1905లో దీనికి పేటెంటు పొందినది ఓడల కొరకు. కాని టర్బైను పంపుకంటె కొంచెము వెనుకబడియే తిరుగును. ఆ నష్టము వేడిగా మారును. దీనిని తొలగించుటకే లాకప్ క్లచ్ వచ్చినది: వేగము నిలకడగా నున్నపుడు నూనె ఒత్తిడితో ఒక రాపిడి పళ్ళెము టర్బైనును కన్వర్టరు కవచమునకు బిగించును. ప్యాకర్డ్ కార్లలో 1949లోనే ఇది కలదు. 1973 నాటి చమురు సంకటము తరువాత, 1978లో క్రైస్లర్ దీనిని చేపట్టెను.

నేటి కార్లలో ఈ బిగింపునకు ఆజ్ఞ నిచ్చునది కంప్యూటరు. ఇంజను చల్లగా నున్నను, బ్రేకు నొక్కినను అది ఆజ్ఞ నీయదు. కావున మొదట అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆజ్ఞయే వెలువడలేదా, వెలువడియు అమలు కాలేదా?

ఇంజను బాగుగా వేడెక్కిన పిదప, రద్దీలేని సమతలపు రోడ్డుపై గంటకు 80 కిలోమీటర్ల వేగమున, యాక్సిలరేటరు కదల్చక, బ్రేకు దీపము వెలుగునంత మాత్రమే పెడలును తాకవలెను. మీటరును ప్రక్కవారు చూచుట మేలు. లాకప్ పట్టియున్నచో ఇంజను చుట్లు కొన్ని వందలు పెరిగి, కాలు తీసిన కొలదిసేపటికి తగ్గును. ఏ మార్పును లేనిచో అది పట్టలేదన్నమాట. అప్పుడు స్కానరు తగిలించి ఆజ్ఞ సంగతి చూడవలెను. పి0740 కోడు విద్యుత్ వలయపు దోషమును తెల్పును; మరమ్మతులో కనెక్టరు సరిగా బిగించకుండుట ఇందుకొక కారణము. పి0741 ఆజ్ఞ యున్నను పట్టు లేదని తెల్పును. అప్పుడు నూనె రకము, వాల్వ్ బాడీలో ఇరుకుకొనిన వాల్వు, బిగించునపుడు తెగిన షాఫ్టు సీలు, చివరకు రాపిడి పళ్ళెము. ఇందులో మొదటి రెండింటిని అనేక కార్లలో గేర్‌బాక్సును దింపకయే చూడవచ్చును. ఇక బండి ఆగునపుడు, గేరులోనున్న ఇంజను ఆరిపోవుచున్నచో లాకప్ వదలుట లేదని అనుమానింపవలెను. అది వేరు రోగము.

పాత గేర్‌బాక్సు అరుగుదల పొడి కూలరులో మిగిలియున్నచో క్రొత్త పళ్ళెమును కూడ తినివేయును. కూలరును కడిగిరా యని మరమ్మతు నాడే అడుగుట మంచిది. గల్ఫ్ ఎండలలో డ్రైవర్లుగా నున్న మనవారికి ఇది మరింత అవసరము.

మిత్రుని బండిలో పెడలు తాకినను ముల్లు కదలలేదు, కోడును లేదు. సిగ్నలు వద్ద ఆగి బయలుదేరగా వెనుకనున్న ఆటోవాడు, “భాయ్, పీఛే కీ బత్తీ బుఝ్‌తీచ్ నై!” అని కేకవేసెను. బ్రేకు దీపపు స్విచ్చి ఇరుకుకొని యుండెను; బ్రేకు నొక్కియే యున్నారని కంప్యూటరు తలచుచుండెను. స్విచ్చి మార్చుటకు పావుగంట పట్టినది. ఆ సాయంకాలము అదే రోడ్డుపై ముల్లు మూడువందల చుట్లు దిగుట మేము ప్రక్క సీటునుండి చూచితిమి.