గడువు దాటక ముందే

పెళ్లయి కెనడా వెళ్లిన అమ్మాయి అక్కడే ఉండిపోవాలంటే భర్త దరఖాస్తు పెట్టాలి. దాన్ని స్పాన్సర్‌షిప్ అంటారు. అది పెట్టగానే భయం లేదనుకుంటారు. కాదు. ఆ ఒక్క కాయితంతో ఉండే హక్కు రాదు.

చూడటానికి వచ్చినవాళ్లకు పాస్‌పోర్టులో వేరే తేదీ వేయకపోతే 6 నెలలే గడువు. ఆ తేదీ అమ్మాయే చదువుకోవాలి. పాస్‌పోర్టు మొగుడి బీరువాలో ఉంటే ఏం లాభం? గడువు తీరకముందే పొడిగించమని వేరే దరఖాస్తు పెట్టాలి. పెడితే జవాబు వచ్చేదాకా ఉండొచ్చు. మరిచిపోతే 90 రోజుల్లోపు మళ్లీ అడగొచ్చు, కానీ ఇస్తారని నమ్మకం లేదు.

ఆస్పత్రి సంగతి వేరు. వైద్యం కార్డు ఇచ్చేది రాష్ట్రాలు. ఒక్కోచోట ఒక్కో పద్ధతి. కార్డు వచ్చేదాకా బీమా కొనుక్కోవాలి. కడుపుతో ఉంటే, కాన్పు ఖర్చు అందులో ఉందా అని డబ్బు కట్టకముందే అడగాలి. చాలా బీమాల్లో ఉండదు.