నాగయ్యగారికి మనము తీర్పని ఋణము

పోతనను, త్యాగయ్యను, వేమనను ఆంధ్రుల కన్నులయెదుట నిలిపిన చిత్తూరు నాగయ్యగారు 1973 డిసెంబరు 30వ తేదీన మదరాసులో కాలధర్మము నొందిరి. ఆ మహానటుని యంత్యదినములు కలిమిలో గడవలేదు. చెప్పుటకు కష్టముగనే యున్నది గాని, దాచుట న్యాయము గాదు.

ఆయన 1904లో రేపల్లెలో జన్మించిరి. చిత్తూరు నాటకరంగమున గడించిన పేరే యింటిపేరైనది. 1938లో గృహలక్ష్మితో చలనచిత్రములలో ప్రవేశించి, మరుసటియేట బి. ఎన్. రెడ్డిగారి వందేమాతరమున నిరుద్యోగియైన విద్యావంతుని పాత్ర ధరించిరి. 1940లో వచ్చిన సుమంగళిలో, నలువదేండ్లైనను నిండకమునుపే, వీరేశలింగము పంతులుగారిని తలపించు వృద్ధ సంస్కర్తగా కానవచ్చిరి. పంతులుగారి గ్రంథములను బీరువాలో నుంచుకొని, వితంతువివాహ మనగానే ముఖము త్రిప్పుకొను పెద్దలు నాడు పెక్కుమంది యుండిరి. వారును ఆ చిత్రమును చూచిరి.

యుద్ధదినములలో వచ్చిన పోతన వేరొక సంగతి. నాగలి పట్టి బ్రతికెద గాని కృతిని రాజున కమ్మనన్న కవిని పరప్రభుత్వమున నున్న ప్రజ చూచినది. నాగయ్యగారు అచ్చట గొంతు హెచ్చింపలేదు, చేతులు విసరలేదు. ఆ మెత్తదనమే జనుల హృదయములలో నాటుకొన్నది. తన పాటలు తానే పాడుకొనిరి. ఆ గానమున పాండిత్యప్రదర్శన లేదు, ప్రత్యక్షరము తేటగా వినవచ్చుచుండెను. 1946లో త్యాగయ్యకు నిర్మాతయు, దర్శకుడును, నాయకుడును తానే యైరి. మరుసటియేట వచ్చిన యోగి వేమనలో భోగి విరాగి యగుట యే ఘడియలోనో ప్రేక్షకునకు తెలియనే తెలియదు. మా యభిప్రాయమున ఆయన నటనకు అదియే శిఖరము.

ఆర్జించినది రెండుచేతుల వెచ్చించిరి. ఆయన యింట నాకలితో వచ్చినవాడు తిని పోవుటయే గాని ఊరక మరలుట లేదు. సొంతచిత్రములు నష్టము తెచ్చినవి. ఆ యౌదార్యమే చేటైనదని కొంద ఱందురు, కొంత నిజమే. అయినను ఆ పంక్తిలో కూర్చుండి తిన్నవా రెందఱు తరువాత ఆ గుమ్మము తొక్కిరి? దండలకు, ఊరేగింపులకు మన గ్రామపెద్దలు, పట్టణప్రముఖులు లోటు చేయలేదు. మావంటి పత్రికలవారమును సన్మానవార్తలు ముద్రించి తృప్తి నొందితిమి. వృద్ధనటునకు నెలకింతయని యిచ్చు నిధి నొకదానిని నెలకొల్పుదమని యెవరికిని తోచలేదు.

1965లో పద్మశ్రీ వచ్చినది. పతకముతో పొయ్యిలో పిల్లి లేచునా? నాయకవేషములు వేసిన ఆయనయే తండ్రిగా, తాతగా, మునిగా చిన్న వేషములు ధరించుచు, ఇచ్చినది పుచ్చుకొనుచు, చివరివఱకు స్టూడియోల చుట్టు తిరుగుచుండిరి.