గోదావరి లెక్క వేరు, ఏలేరు లెక్క వేరు

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఉభయ గోదావరి జిల్లాల్లో వానాకాలమంతా జనం నోళ్లలో నానే అంకెలివి. అయితే 2024 సెప్టెంబరు రెండో వారంలో పెద్దాపురం, కిర్లంపూడి, గొల్లప్రోలు, పిఠాపురం ప్రాంతాల్లో వరి చేలను ముంచిన నీటికి ఆ అంకెలతో సంబంధమే లేదు. అది ఏలేరు వరద.

తూర్పు కనుమల్లో పుట్టే ఏలేరుకు ఏలేశ్వరం దగ్గర రిజర్వాయరు ఉంది. పూర్తి సామర్థ్యం 24.11 టీఎంసీలు. విశాఖ ఉక్కు కర్మాగారానికీ, విశాఖ నగరానికీ ఇక్కడి నుంచి కాలువలో నీరు వెళ్తుంది. 2024 సెప్టెంబరు 9న ఒడిశాలోని పూరీ దగ్గర తీవ్ర వాయుగుండం తీరం దాటింది. ఆ వానలకు అప్పటికే చాలావరకు నిండిన రిజర్వాయరులోకి 40 వేల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి పడింది. అంత ప్రవాహం ఒక రోజంతా సాగితే మూడున్నర టీఎంసీలు. దాచుకునే చోటు లేనప్పుడు గేట్లు ఎత్తక తప్పదు. దిగువన గట్లకు గండ్లు పడ్డాయి, పొలాలు చెరువులయ్యాయి.

గోదావరి ముందు ఇది ఏపాటి? 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు పారాయి. ఆ ప్రవాహానికి ఏలేరు రిజర్వాయరును అడుగు నుంచి అంచు దాకా నింపడానికి రెండు గంటలు చాలు. కానీ రెండు నదుల్లోనూ వాన ఒకేలా వరదగా మారదు. అసలు తేడా అక్కడే ఉంది.

గోదావరి పరీవాహక ప్రాంతం 3,12,812 చదరపు కిలోమీటర్లు. అంత నేల మీద సగటున ఒక్క సెంటీమీటరు వాన పడినా ఆ నీరు 110 టీఎంసీలు. ఇంత పెద్ద నదికి భారీ వరద రావాలంటే ఒక ఊళ్లోనో, ఒక జిల్లాలోనో కుండపోత కురిస్తే చాలదు. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం పశ్చిమ వాయవ్య దిశగా కదులుతూ శబరి, ఇంద్రావతి, ప్రాణహిత ప్రాంతాలను రోజుల తరబడి తడపాలి. రుతుపవన వాయుగుండాలకు నైరుతి వైపునే వాన ఎక్కువ. సరిగ్గా ఆ భాగమే ఈ ఉపనదుల మీదుగా సాగుతుంది. ఆ నీరు భద్రాచలం దాటాక కూడా ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. లంక గ్రామాల వాళ్లకు సామాన్లు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. ఏలేరు లాంటి చిన్న నదిలో ఆ వ్యవధి గంటల్లోనే ముగిసిపోతుంది.

మరి వానలు నిజంగా మారాయా?

భారత వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. వాతావరణ శాస్త్రవేత్త బి.ఎన్. గోస్వామి బృందం 1951 నుంచి 2000 వరకు మధ్య భారతంలో కురిసిన వానలను పరిశీలించి 2006లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. వాళ్లు గీసుకున్న పరిధి 16.5 నుంచి 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంది. పెద్దాపురం కూడా అందులోకే వస్తుంది. తేలిందేమిటంటే, రుతుపవన కాలపు సగటు వాన పెద్దగా మారలేదు. రోజుకు 100 మిల్లీమీటర్లు దాటిన వానలు పెరిగాయి, ఓ మోస్తరు వానలు తగ్గాయి. ముసురు పట్టి నేలలోకి ఇంకాల్సిన నీరు, కుండపోతగా పడి వాగుల పాలవుతోంది.

2017లో రాక్సీ మాథ్యూ కోల్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. మధ్య భారతంలో విస్తారంగా కురిసే తీవ్రమైన వానలు 1950–2015 మధ్య మూడు రెట్లయ్యాయనీ, అరేబియా సముద్రం నుంచి వచ్చే తేమ గాలుల ఉధృతిలో హెచ్చుతగ్గులు పెరగడం దీనికి కారణమనీ చెప్పింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది మోయగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుందన్న భౌతిక సూత్రం దీనికి తోడవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎం. రాజీవన్ బృందం 2008లో వందేళ్లకు పైబడిన రికార్డు చూసి, భారీ వానలు దశాబ్దాల పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయనీ, ఆ ఎగుడుదిగుళ్లకు హిందూ మహాసముద్ర ఉపరితల ఉష్ణోగ్రతలతో ముడి ఉందనీ చూపించింది. కాబట్టి ఏ ఒక్క వాననో చూపించి వాతావరణ మార్పుకు అదే సాక్ష్యం అనలేం. పైగా వాన పెరిగినంత మాత్రాన పెద్ద నదిలో వరద రికార్డు బద్దలవాలనేమీ లేదు. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. అయినా 1986 నాటి 75.6 అడుగుల రికార్డు అలాగే ఉంది.

దెబ్బ ముందుగా తగిలేది చిన్న నదులకు, వాగులకు. 2022 జులైలోనే నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టుకు, దాని గేట్లు వదలగలిగిన మూడు లక్షల క్యూసెక్కులను మించి, ఐదు లక్షలకు పైగా వరద వచ్చింది. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. తెలంగాణలో అదే రికార్డు.

ఏలేరు ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. నైరుతి రుతుపవనాలు వెళ్లిపోయే వేళకు రిజర్వాయరు నిండి ఉంటుంది. సరిగ్గా అప్పుడే తీరానికి వాయుగుండాలు వస్తాయి. 2020 అక్టోబరు 13న తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గరే తీరం దాటినప్పుడు కూడా ఏలేరు పొంగింది. గోదావరి మీది పోలవరం ప్రాజెక్టు స్పిల్‌వేను మాత్రం 1986 రికార్డును మించి 50 లక్షల క్యూసెక్కులకు తట్టుకునేలా కట్టారు. చిన్న నదులకు అలాంటి ముందుచూపు దక్కలేదు.

చేయాల్సినవి తెలియనివేమీ కావు. సెప్టెంబరు, అక్టోబరుల్లో వాయుగుండం సూచన రాగానే రిజర్వాయరులో కొంత ఖాళీ చేసి ఉంచాలి. రబీకీ, విశాఖకూ నీళ్లు మిగలాలి గనుక ఎంత ఖాళీ అన్నది ముందే లెక్కగట్టి నిబంధనగా పెట్టుకోవాలి. దిగువ కాలువల్లో పూడిక తీసి, గట్లు బలపరిచే పని వేసవిలోనే ముగించాలి. ఎగువ కొండల్లో గంట గంటకూ వానను కొలిచి కబురు పంపే పరికరాలు పెట్టాలి. ధవళేశ్వరం హెచ్చరికల్లాగే ఏలేరు దిగువ ఊళ్లకు కూడా అందరికీ తెలిసిన హెచ్చరిక మట్టాలు ఉండాలి.