ఇల్లు కట్టేటప్పుడు నీరు నిలువనీయకండి

జ్వరం వచ్చిందంటే మనం ముందుగా మోరీని తప్పు పడతాము. కాని డెంగీని వ్యాపింపజేసే దోమ మురికినీటిలో కంటే నిలువ ఉన్న మంచినీటిలోనే ఎక్కువగా గుడ్లు పెడుతుంది. కొత్త ఇల్లు కట్టే చోట అలాంటి నీరు ఎంతో ఉంటుంది. సంపు, డ్రమ్ములు, స్లాబుపై క్యూరింగ్ కోసం కట్టిన మడులు, పిల్లర్ గుంతలు అన్నీ దోమలకు నిలయాలే. గుడ్డు దోమగా మారడానికి సుమారు 7 నుండి 10 రోజులు చాలు.

మన నేల సంగతి

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎర్ర చెలక నేలలు ఎక్కువ. చాలాచోట్ల పైమట్టి పలుచగా ఉండి, కింద మొరం, దాని కింద బండ తగులుతుంది. బండ దాకా తవ్విన గుంతలో వాననీరు ఇంకక రోజుల తరబడి నిలుస్తుంది. నల్లరేగడి నేల తడికి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. నానినప్పుడు గుంత అంచులు జారిపడతాయి. నానిన గోడలూ ప్రమాదమే. 2020 అక్టోబరు 13న హైదరాబాదులోని బండ్లగూడలో భారీ వర్షానికి ప్రహరీగోడ ఇళ్లపై కూలి పలువురు మరణించారు.

పాటించవలసిన జాగ్రత్తలు

1. పునాది తవ్వకముందే వాననీరు పల్లానికి పోయేలా చిన్న కాల్వ తీయించండి.
2. తవ్విన మట్టిని గుంత అంచుకు కనీసం 5 అడుగుల దూరంలో పోయించండి.
3. గుంతలో నిలిచిన నీటిని తోడించండి. పునాది లేచాక మొరంతో నింపి, తడిపి, దిమ్మిస కొట్టించండి.
4. స్లాబుపై మడులకు బదులు తడి గోనెసంచులు పరచవచ్చు. మడులు కడితే వారానికి ఒకసారి నీరంతా తీసివేయండి.
5. సంపుకు, డ్రమ్ములకు మూత పెట్టండి. వారానికోసారి ఖాళీచేసి, గోడలను రుద్ది కడగండి.
6. గుంతల చుట్టూ కంచె కట్టండి. పసిపిల్లలు కొద్దిపాటి నీటిలోనూ మునిగిపోగలరు.

జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించండి. డాక్టరును అడగకుండా ఆస్పిరిన్, బ్రూఫెన్ మాత్రలు ఇవ్వకండి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

గొయ్యి తవ్వి కప్పకుండా విడిచినవాడు అందులో పడి చచ్చిన పశువుకు నష్టపరిహారం ఇవ్వాలని నిర్గమకాండము 21వ అధ్యాయం చెబుతుంది. పశువుకే అంత లెక్క ఉంటే, మన గుంత పక్కన ఆడుకునే పొరుగువారి బిడ్డ ప్రాణానికి మనమెంత బాధ్యులమో ఆలోచించండి.