పాత వస్తువు కొనే ముందు ఇంట్లో చోటు చూసుకుందాం



ఎండలు మొదలయ్యాయంటే మన వీధుల చివర గరాజ్ సేల్ బోర్డులు కనిపిస్తాయి. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "మూవింగ్ సేల్" ఫొటోలు వరసగా వస్తాయి. ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్లేవారు, ఇండియాకు తిరిగి వెళ్లేవారు తమ సామాను చవకగా, ఒక్కోసారి ఊరికే ఇచ్చేస్తారు. రెండు సూట్‌కేసులతో ఈ దేశంలో దిగిన విద్యార్థికి మొదటి పరుపు, మొదటి రైస్ కుక్కర్ చాలాసార్లు అలా వచ్చినవే. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. డబ్బు మిగులుతుంది, పనికొచ్చే వస్తువు చెత్తలోకి పోకుండా ఆగుతుంది.

పాతవి వాడుకోవడం మనకు కొత్త కూడా కాదు. అక్క లంగా చెల్లెలికి వచ్చేది. మెత్తబడ్డ చీరలు బొంతలయ్యేవి. స్టీలు సామాన్లవాళ్లు వీధిలోకి వస్తే పాత బట్టలిచ్చి గిన్నెలు తీసుకునేవాళ్లం. ఆ పద్ధతిలో ఒక కట్టుబాటు ఉండేది. గిన్నె లోపలికి రావాలంటే బట్టల మూట బయటికి వెళ్లాలి. ఇక్కడికి వచ్చాక మొదటి సగం మిగిలింది, రెండో సగం జారిపోయింది. వస్తువులు వస్తున్నాయి గానీ వెళ్లడం లేదు.

ఇది మన ఇళ్ల సమస్య మాత్రమే కాదు. లాస్ ఏంజెలెస్‌లో 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్లను యూసీఎల్ఏ పరిశోధకులు ఏళ్ల తరబడి పరిశీలించి, 2012లో పుస్తకంగా వెలువరించారు. నాలుగింట మూడు వంతుల గరాజ్‌లలో సామాను నిండి, కారుకు చోటే లేదని అందులో తేలింది. అదే పరిశోధనలో భాగంగా 2010లో వచ్చిన మరో అధ్యయనం తల్లుల ఆరోగ్యాన్ని చూసింది. ఇల్లు చిందరవందరగా ఉందని చెప్పుకున్నవారిలో, ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ అనే హార్మోన్ సాయంత్రానికి తగ్గాల్సినంతగా తగ్గడం లేదని గమనించింది.

మన విషయంలో ఇంకొకటి ఉంది. ఆరు నెలలకని వచ్చే అమ్మానాన్నలకు ఇవ్వాల్సిన గదిలో ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్, రెండో సోఫా, విప్పని అట్టపెట్టెలు ఉంటే, ఆ చవక బేరానికి అసలు ధర పెద్దవాళ్లు చెల్లిస్తున్నట్టు. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ బాత్రూముకు వెళ్లే దారిలో సామాను ఉండకూడదు.

కొనే ముందు మూడు ప్రశ్నలు

మొదటిది: ఇది ఎక్కడ ఉంటుంది? "ఎక్కడో ఒకచోట పెడదాంలే" అనేది జవాబు కాదు. గోడ పేరు, అల్మారా అర పేరు చెప్పగలగాలి. టేపు తీసి ఆ చోటు కొలవండి. తలుపు, మెట్ల మలుపు కూడా కొలవండి. నలభై డాలర్ల సోఫాకు ట్రక్కు అద్దె, ఇద్దరు స్నేహితుల శనివారం కలిపితే అది నలభై డాలర్ల సోఫా కాదు.

రెండోది: దీనికి బదులు ఏది వెళుతుంది? పుస్తకాల బీరువా వస్తే పాత బీరువా అదే వారం వెళ్లాలి. స్టీలు సామాన్లవాళ్ల నాటి లెక్కే ఇది.

మూడోది: మన తర్వాత ఎవరికి? పిల్లల సైకిలు రెండేళ్లలో పొట్టిదవుతుంది. ఎవరికి ఇస్తామో ముందే తెలిస్తే అది గరాజ్‌లో తుప్పు పట్టదు.

మూడింటికీ జవాబు ఉంటే నిశ్చింతగా కొనుక్కోవచ్చు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారని మనవాళ్లు నవ్వుతూ అనే మాట ఊరికే పుట్టలేదు. ఉచితమైనదానికే ఈ ప్రశ్నలు ఎక్కువ అవసరం.

ఎంత చవకైనా వద్దనాల్సినవి

పసిపిల్లల కారు సీటు: దానికి గడువు తేదీ ఉంటుంది. ప్రమాదంలో పడిన సీటు పైకి బాగానే కనిపించవచ్చు. దాని చరిత్ర మనకు పూర్తిగా తెలిస్తే తప్ప తీసుకోవద్దు.

ఉయ్యాల మంచం: పక్క కిందికి జారే క్రిబ్‌ల తయారీని, అమ్మకాన్ని ఈ దేశం 2011 జూన్ 28 నుంచి నిషేధించింది. వాలుగా పడుకోబెట్టే శిశు పడకలను 2022 నాటి చట్టం నిషేధించింది. గరాజ్ సేల్‌లో ఇవి ఇప్పటికీ ఎదురుపడవచ్చు. పిల్లల వస్తువు ఏదైనా మోడల్ నంబరును సీపీఎస్సీ వెబ్‌సైట్‌లోని రీకాల్ జాబితాలో చూశాకే కొనాలి. సొరుగుల బల్ల కొంటే గోడకు బిగించాలి. పసివాళ్లు సొరుగులు ఎక్కితే అది మీద పడుతుంది.

పరుపులు, దిండు కుర్చీలు: నల్లుల భయం ఉంటుంది. కుట్ల వెంట, అంచుల కింద నల్లటి చుక్కలుంటే వదిలేయాలి. కొన్న బట్టలను ముందు డ్రయ్యర్‌లో ఎక్కువ వేడిమీద అరగంట తిప్పి, ఆ తర్వాతే అల్మారాలో పెట్టాలి. పట్టుకు ఇది పనికిరాదు. పట్టు బట్టలను విడిగా సంచిలో కట్టి డ్రై క్లీనింగ్‌కు ఇవ్వాలి.

వంట పాత్రలు: దిగుమతైన కొన్ని అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం పాత్రల నుంచి సీసం ఆహారంలోకి దిగవచ్చని ఎఫ్‌డీఏ 2025 ఆగస్టులో హెచ్చరించింది. ఎవరు చేశారో తెలియని పాత ఇత్తడి గిన్నె ముచ్చటగా ఉంటే బొమ్మల కొలువులో పెట్టుకుందాం, పప్పు వండవద్దు. ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ, గ్రైండర్ కొంటే అడుగున రాసిన వోల్టేజి చూడండి. 220 అని ఉంటే ఇక్కడి ప్లగ్గుకు నేరుగా పనిచేయదు.

సంతోషంగా కొనదగినవి

గట్టి చెక్క బల్లలు, స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలు, సైకిళ్లు, లైబ్రరీ అమ్మకాల్లో దొరికే పిల్లల పుస్తకాలు ఎన్ని చేతులు మారినా పనికొస్తాయి. అన్నిటికంటే మన ఆడపిల్లల పట్టు లంగాలు. ఒక పండుగకు, ఒక పెళ్లికి కట్టాక పిల్ల ఎదిగిపోతుంది, లంగా కొత్తగానే ఉంటుంది. నాట్యం దుస్తులూ అంతే. తీసుకునేటప్పుడు మడతల దగ్గర వెలుతురుకు ఎత్తి చూడండి. పట్టు మొదట చిట్లేది అక్కడే. లోపల వదులు చేసుకునే మడతలు కుట్టి ఉన్నాయో లేదో కూడా చూడండి. ఉంటే ఇంకో రెండేళ్లు వస్తుంది.

దేవుడి బొమ్మల మాట

సెకండ్‌హ్యాండ్ దుకాణంలో గాజు సామాన్ల మధ్య వినాయకుడు కనబడితే మన మనసు ఊరుకోదు. తెచ్చుకోవచ్చు. అయితే పూజ గదిలో నిత్యం దీపం పెట్టి చూసుకోగలిగినన్ని మూర్తులే ఉంటే మేలు. అరలో ధూళి పట్టిన పది విగ్రహాల కంటే పూలు పెట్టే ఒక్కటి చాలు. పగిలిన విగ్రహాలు, పాత క్యాలెండరు పటాల విషయంలో అర్చకులను అడిగి చేద్దాం. చెప్పకుండా గుడి గుమ్మం దగ్గర వదిలి వెళ్లవద్దు.

బయటికి వెళ్లే దారి

ఈపీఏ లెక్కల ప్రకారం 2018లో ఈ దేశంలో 1.13 కోట్ల టన్నుల వస్త్రాలు చెత్తగుట్టల పాలయ్యాయి. దారులు లేక కాదు. గుడ్‌విల్ 1902లో బోస్టన్‌లో మొదలై నేటికీ నడుస్తోంది. ఇల్లు మరమ్మతు చేస్తే మిగిలిన తలుపులు, దీపాలు హ్యాబిటాట్ రీస్టోర్ దుకాణాలు తీసుకుంటాయి. 2013లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో పుట్టిన "బై నథింగ్" గ్రూపులు ఇప్పుడు ఎన్నో ఊళ్లలో ఉన్నాయి. పక్కింటివారికి డబ్బు లేకుండా ఇవ్వడం, వారి నుంచి తీసుకోవడం వాటి పద్ధతి. ఒక్క నియమం పాటిద్దాం: మన చెల్లెలికి ఇవ్వడానికి సిగ్గుపడే వస్తువును దానమని ఇవ్వకూడదు. విరిగినది చెత్తకే వెళ్లాలి.

పతంజలి యోగసూత్రాల్లో చెప్పిన అయిదు యమాల్లో చివరిది అపరిగ్రహం. అవసరానికి మించి కూడబెట్టకపోవడం అని దాని భావం. భోగి నాడు పాతవి వదిలించుకునే మన ఆచారం కూడా అదే నేర్పుతుంది. ఇక్కడ వాకిట్లో మంట వేయడానికి చాలా ఊళ్లలో అనుమతి ఉండదు, ఇంకొకరికి పనికొచ్చేదాన్ని కాల్చనూ అక్కరలేదు. ఈ త్రైమాసికంలో ప్రతి కుటుంబం ఒక్క అల్మారా తెరిచి, వాడనివి తీసి, వాడుకునేవారికి అందిద్దాం. పిల్లల వస్తువులను పిల్లల చేతులతోనే ఇప్పిద్దాం. ఆ ఖాళీ అయిన అరను కొన్నాళ్లు ఖాళీగానే ఉంచుదాం.